దవడలో నొప్పి అయితే చెవి వెనక ఆపరేషన్ ఎందుకు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 61 ఏళ్లు, ఊరు కనిగిరి దగ్గర. మూడేళ్లుగా కుడి దవడలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి. రెండు పళ్లు పీకించినా తగ్గలేదు. ఆ తర్వాత మాత్రలతో ఏడాదిన్నర బాగానే గడిచింది. ఇప్పుడు మోతాదు పెంచితే మగత, తూలు. తగ్గిస్తే మళ్లీ నొప్పి. ఒక డాక్టరు చెవి వెనక తెరిచి, నరాన్ని ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు జరపాలన్నారు. ఇంకో చోట సూదితో సరిపోతుందన్నారు. బంధువులేమో "తల తెరిపిస్తారా?" అని భయపెడుతున్నారు. సంక్రాంతి దాకా ఆగొచ్చా అని మీ ప్రశ్న. గుండు చేస్తారా అని అమ్మగారి ప్రశ్న.

నేను న్యూరోసర్జన్ని. మాది కావలి. పద్దెనిమిదేళ్లుగా ఈ ఆపరేషన్ చేస్తున్నాను. అమ్మగారిని చూడకుండా, స్కాన్ చూడకుండా చేయించేయండి అని చెప్పడం తప్పు. కానీ మీరు రాసిన లక్షణాలు నిజమైతే, అంటే ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నరం నొప్పి అయితే, ఆమెకు వేరే పెద్ద జబ్బులు లేకపోతే, నా మొగ్గు ఆపరేషన్ వైపే. ఎందుకో వివరంగా చెప్తాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు పళ్ల సంగతి. మీరు "పళ్లు పీకించి తప్పు చేశామా?" అని బాధపడుతున్నారు. మీ ఒక్కరికే జరిగింది కాదిది. నా దగ్గరకు ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో చాలామంది నోట్లో ఆ పక్క ఖాళీలు ఉంటాయి. మీ ప్రాంతంలో ఇంకో కారణం కూడా ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ గురించి 1937లోనే డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. పళ్లు పచ్చబడి, గోధుమ రంగు చారలు పడి ఉంటే, దవడ నొప్పి అనగానే అందరి చూపూ పళ్ల మీదకే పోతుంది. నొప్పి తెలిసేది కూడా పంటిలోనే. పంటిని, చిగురును, పెదవిని, బుగ్గను మెదడుకు కలిపేది ఒకే నరం కాబట్టి, నరం మొదట్లో ఇబ్బంది వచ్చినా మనిషికి పన్ను నొప్పిగానే అనిపిస్తుంది. పంటి డాక్టరుకు ఎక్స్‌రేలో పన్ను బాగానే ఉందని కనిపిస్తే, అక్కడే ఆగి నరాల డాక్టరు దగ్గరకు పంపాలి. అలా పంపేవాళ్లూ ఉన్నారు.

మా మేనత్తది అల్లూరు. నేను మెడిసిన్ చదివే రోజుల్లో ఆమెకు ఇదే జబ్బు. నాలుగు పళ్లు తీశారు. మాట్లాడితే నొప్పి వస్తుందని పలక మీద రాసి చూపించేది. చేపల పులుసు అంటే ప్రాణం పెట్టే మనిషి, అన్నం మజ్జిగలో మెత్తగా పిసికి, తల ఎడమకు వంచి మింగేది. ముఖం కడుక్కోవడం మానేసింది. ఇంట్లో వాళ్లు కొన్నాళ్లు మతి చెడిందనుకున్నారు. ఆమె పలక నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఈ జబ్బు గురించి ఎవరడిగినా పొడిగా రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను.

ఇంతకీ జరిగేది ఏమిటి? మెదడు నుంచి పన్నెండు జతల కపాల నరాలు బయటికి వస్తాయి. ముఖం స్పర్శను మోసేది అయిదోది. దాని పేరు ట్రైజెమినల్. మూడు కొమ్మలు: ఒకటి నుదురు, కన్ను, రెండోది బుగ్గ, పై దవడ, మూడోది కింది దవడ. ఈ నొప్పి ఎక్కువగా రెండు, మూడు కొమ్మల్లో వస్తుంది. ఎడమ కంటే కుడి పక్క, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, యాభై దాటాక ఎక్కువ.

నరంలోని పోగుల చుట్టూ కొవ్వుతో చేసిన తొడుగు ఉంటుంది. దీన్ని మైలిన్ అంటారు. నరం మెదడు కాండంలోకి, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగంలోకి, దూరే చోట ఈ తొడుగు ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతుంది. అతుకు లాంటి ఆ జాగా సున్నితమైనది. పక్కనే చిన్న మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ ధమనులు సాగుతాయి, వంపులు తిరుగుతాయి. అలా సాగిన వంపు వచ్చి ఆ అతుకు మీద ఆనితే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ తడుతుంది. ఏళ్ల తరబడి తట్టీ తట్టీ తొడుగు అరుగుతుంది. పొలంలో మోటారు వైరు గట్టు రాయికి రాసుకుని పైపొర పోతే ఏమవుతుందో మీకు తెలుసు. పక్కపక్క పోగుల మధ్య కరెంటు దూకుతుంది. స్పర్శను మోసే పోగు నుంచి నొప్పిని మోసే పోగులోకి సంకేతం దాటుతుంది. అందుకే బుగ్గ మీద గాలి తగిలినా, ముక్కుపుడక కదిలినా, బ్రష్ ఆనినా పోటు వస్తుంది.

ఈ సంగతి కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ ఈ నొప్పికి నరాన్ని కోసేవాడు. తెరిచినప్పుడు చాలామందిలో నరం మీద రక్తనాళం కనబడుతోందని 1934లో రాశాడు. అప్పటికి మెదడు ఆపరేషన్లలో మైక్రోస్కోపు వాడకం లేదు. 1960ల చివర్లో పీటర్ జానెటా మైక్రోస్కోపు కింద చూసి, నరాన్ని కోయకుండా నాళాన్ని జరిపితే చాలని చూపించాడు. మొదట్లో ఆయన మాట చాలామంది నమ్మలేదు. ఇప్పుడు ప్రపంచమంతా చేసేది ఆ ఆపరేషనే. పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్, ఆసుపత్రుల్లో ఎంవీడీ అంటారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎమ్మారైలో నాళం నరానికి ఆనినట్టు కనబడింది కాబట్టి ఆపరేషన్ చేయాలి అని ఎవరైనా అంటే, అది సగం మాటే. ఏ నొప్పీ లేని మనుషుల్లో కూడా నాళం నరానికి ఆని కనబడుతుంది. ఆపరేషన్‌ను నిర్ణయించేది నొప్పి కథ. అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. నొప్పి చివ్వున వచ్చి కొన్ని క్షణాల్లో, మహా అయితే రెండు నిమిషాల్లో పోతుందా? మధ్యలో బాగానే ఉంటుందా? తాకితే, నమిలితే, మాట్లాడితే, చల్లగాలి తగిలితే వస్తుందా? ఎప్పుడూ ఒకే పక్కనా? మాత్ర మొదలుపెట్టిన కొత్తలో బాగా తగ్గిందా? వీటికి అవునని జవాబు వస్తే ఎంవీడీతో ఫలితం బాగుంటుంది. అలా కాకుండా రోజంతా సన్నగా మంట, సలుపు, రెండు పక్కలా నొప్పి, మాత్రతో మొదటి నుంచీ గుణం లేకపోవడం ఉంటే, స్కానులో నాళం ఎంత స్పష్టంగా కనిపించినా నేను తొందరపడను. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారిది మొదటి రకమే అనిపిస్తోంది. ఇవన్నీ ఒక కాగితం మీద ఆమె మాటల్లోనే రాసి డాక్టరుకు ఇవ్వండి. ఓపీలో అయిదు నిమిషాల్లో, పైగా మాట్లాడితేనే నొప్పి వచ్చే మనిషి, ఇవన్నీ చెప్పలేదు.

ఎమ్మారై అవసరం లేదని కాదు. అది తప్పనిసరి. ముందుగా గడ్డ ఏదైనా నరాన్ని నొక్కుతోందా, నరాల తొడుగును పాడుచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు మచ్చలు ఉన్నాయా అని చూడాలి. నలభై లోపు వయసులో ఈ నొప్పి వస్తే ఆ అనుమానం ఇంకా ఎక్కువ. మామూలు బ్రెయిన్ ఎమ్మారై తీయించి సరిపెట్టుకోకండి. నరాలను, నాళాలను సన్నని పొరలుగా చూపే సీఐఎస్ఎస్ లేదా ఫియస్టా అనే సీక్వెన్స్ కావాలని స్కాన్ చీటీ మీద రాయించుకోండి. అది లేక రెండోసారి స్కాన్‌కు డబ్బు పెట్టినవాళ్లను ఎందరినో చూశాను.

మాత్రల విషయం. కార్బమజెపైన్ ఈ జబ్బుకు మొదటి మందు. 1960ల నుంచీ వాడుతున్నారు, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. మామూలుగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. అమ్మగారికి మగత, తూలు వస్తున్నాయన్నారు కాబట్టి ఈ వారమే రక్తంలో సోడియం చూపించండి. ఈ మందు సోడియం తగ్గిస్తుంది. బీపీకి నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటుంటే ఇంకా తగ్గుతుంది. ఎండాకాలంలో మీ వైపు నుంచి మతి తప్పినట్టు మాట్లాడుతూ వచ్చిన పెద్దవాళ్లలో ఒకరిద్దరికి పక్షవాతం కాదు, సోడియం పడిపోయిందని తేలింది. తెల్ల కణాలు, లివరు పరీక్ష కూడా మధ్యమధ్యలో కావాలి. ఎప్పుడైనా ఒంటి మీద దద్దురు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. అది ప్రమాదకరమైన రియాక్షన్ కావచ్చు. అలాంటిది లేనప్పుడు మాత్రం మీ అంతట మీరు మాత్ర ఒక్కసారిగా ఆపకండి. ఆక్స్‌కార్బజెపైన్‌కు మార్చడం, బ్యాక్లోఫెన్ కలపడం లాంటివి ఇంకా ప్రయత్నించకపోతే, ఆపరేషన్ తేదీ వచ్చేలోపు ఉపశమనానికి వాటి గురించి డాక్టరును అడగండి.

ఇప్పుడు మీ బంధువులు భయపడే ఘట్టం. మత్తు ఇచ్చాక పేషెంటును పక్కకు పడుకోబెట్టి, తల కదలకుండా బిగిస్తాం. చెవి వెనక నిలువుగా రెండు మూడు అంగుళాల కోత. పుర్రె ఎముకలో పది రూపాయల బిళ్ల అంత కిటికీ. లోపల పొర తెరిచి, మెదడు చుట్టూ ఉండే నీటిని మెల్లగా బయటికి వదులుతాం. నీరు పోగానే చిన్న మెదడు తనంతట తానే కిందికి ఒదుగుతుంది, పక్కన సందు ఏర్పడుతుంది. మేం వెళ్లేది ఆ సందులో నుంచే. మెదడును కోసుకుంటూ వెళ్లం. మీ బంధువులకు ఈ ఒక్క మాట చెప్పండి, సగం భయం పోతుంది.

ఆ సందులో నాలుగైదు సెంటీమీటర్ల లోతున తెల్లగా నరం కనబడుతుంది. ఎక్కువ మందిలో పైనుంచి ఒక ధమని వంపు తిరిగి దాని మీద ఆని, గుండెతో పాటు కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్కోసారి నరం మీద అది ఆనిన చోట గాడి పడి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ గాడి చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ మనిషి ఇన్నేళ్లు చెప్పింది నిజం, కల్పించి చెప్పలేదు అనడానికి అక్కడ సాక్ష్యం కనబడుతుంది. ధమనిని పట్టుకుని ఉన్న సన్నని పొరలు కత్తిరించి, నరం నుంచి మెల్లగా పైకి జరుపుతాం. దూది పింజలా విడదీసిన టెఫ్లాన్ ముక్కలు మధ్యలో పెడతాం. టెఫ్లాన్ శరీరంలో కరగదు, అక్కడే ఉంటుంది. నరాన్ని కోసేది లేదు, కాల్చేది లేదు. అందుకే ముఖం స్పర్శ ఎక్కువ మందిలో అలాగే మిగులుతుంది. మొత్తం మూడు గంటల పని. చాలామందికి మెలకువ వచ్చేసరికే ఆ షాకులు ఉండవు.

ఫలితాల గురించి సర్జన్ల నోటి మాట కంటే లెక్క మేలు. జానెటా బృందం 1185 మంది పేషెంట్ల వివరాలు 1996లో ప్రచురించింది. ఆపరేషన్ అయిన పదేళ్లకు 70 శాతం మందికి మందులే లేకుండా నొప్పి లేదు. తిరిగి నొప్పి వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి మొదటి రెండేళ్లలోనే వచ్చింది. అంటే వందకు వంద కాదు. ప్రమాదాలూ అందులోనే ఉన్నాయి: ఇద్దరు చనిపోయారు, ఒకరికి మెదడు కాండంలో రక్తం అందక దెబ్బ తగిలింది, ఒక శాతం మందికి ఆ పక్క వినికిడి పోయింది. ఇవి బాగా చేయి తిరిగిన బృందం అంకెలు. ఎప్పుడో ఒకటి చేసేచోట ఇంత బాగుంటాయని అనుకోవద్దు. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి: జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లలో నొప్పి తిరగబెట్టడం ఎక్కువ. మీ అమ్మగారికి ఇంకా మూడేళ్లే. సంక్రాంతి దాకా ఆగితే నరానికి కొత్తగా ముంచుకొచ్చేదేమీ లేదు. కానీ ఆమె తినగలుగుతున్నారా, నిద్రపోతున్నారా, బరువు తగ్గుతున్నారా అన్నది చూసుకోండి. తినలేక నీరసించిన మనిషిని ఆపరేషన్ బల్ల ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు. ఆగితే నెలలు ఆగండి, ఏళ్లు ఆగవద్దు.

సూది పద్ధతి చెప్పిన డాక్టరూ తప్పు చెప్పలేదు. బుగ్గలో నుంచి సూదిని నరం ముడి దాకా పంపి, వేడితోగానీ, గ్లిజరాల్‌తోగానీ, చిన్న బెలూన్ ఉబ్బించిగానీ నరాన్ని కొంత దెబ్బతీస్తారు. కోత లేదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, పెద్ద మత్తు తట్టుకోలేనివాళ్లకు, బాగా వయసు మళ్లినవాళ్లకు నేనూ అదే చెప్తాను. కానీ నొప్పి పోయే దారి తిమ్మిరి ద్వారానే. కొందరికి ఆ తిమ్మిరి ఇబ్బంది పెడుతుంది. పై కొమ్మ దెబ్బతింటే కంట్లో నలక పడినా తెలియదు, కన్ను పాడవుతుంది. నొప్పి తిరిగి రావడం కూడా ఎంవీడీ కంటే ఎక్కువ. గామా నైఫ్ అనే రేడియేషన్ ఉంది, అది బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల చేస్తారు. గుణం కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. 61 ఏళ్లకు గుండె, ఊపిరితిత్తులు బాగుంటే, స్కానులో నాళం ఉంటే, మా అమ్మకైనా నేను ఎంవీడీయే చెప్తాను.

ఎక్కడ చేయించాలన్నది పేరు పెట్టి చెప్పను. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, తిరుపతి, అన్నిచోట్లా ఇప్పుడు న్యూరోసర్జన్లు ఉన్నారు. మన పక్కనున్న వెల్లూరులో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జాకబ్ చాందీ మొదలుపెట్టారు. కాబట్టి ఈ చుట్టుపక్కల వైద్యానికి కరువు లేదు. తేడా అంతా అలవాటులో ఉంది. రోజూ తల గాయాలు, వెన్నుపూస ఆపరేషన్లు చేసే మంచి సర్జన్ కూడా ఇది ఏడాదికి ఒకటీ అరా చేస్తుండొచ్చు. మొహమాటపడకుండా అడగండి: ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? చేస్తున్నప్పుడు వినికిడి నరాన్ని మెషీన్‌తో గమనిస్తారా? తెరిచాక నాళం కనబడకపోతే ఏం చేస్తారు? చివరి ప్రశ్న తప్పక అడగండి, ఎందుకంటే అప్పుడు నరంలో కొంత భాగాన్ని కోయాలా, పోగులను విడదీయాలా, మూసేసి రావాలా అన్నది అమ్మగారు మత్తులోకి వెళ్లకముందే ఆమెకు తెలిసి ఉండాలి. ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర చేయించుకోనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఆపరేషన్‌కు అనుమతి వస్తుందో లేదో ఖాయం చేసుకోండి. తేదీ పడ్డాక అప్పుకు పరిగెత్తే కుటుంబాలను చూశాను.

చూపించుకోవడానికి చెన్నైకి పినాకిని రైల్లో వెళ్తే కిటికీ సీటు వద్దు. గాలి తగిలి దారంతా నరకం చూస్తారు. మెత్తటి చున్నీ వదులుగా చుట్టండి, బిగిస్తే ఆ రాపిడికే పోటు వస్తుంది.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, తల తిరగడం మామూలు. అయిదారు రోజుల్లో ఇంటికి పంపుతారు. మాత్రలు వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇంటికి వచ్చాక వంగినప్పుడు ముక్కులో నుంచి తేట నీరు కారితే, గొంతులోకి ఉప్పగా దిగితే, కోత తడిగా ఉంటే అది జలుబు కాదు. మెదడు చుట్టూ ఉండే నీరు లీకవుతోంది. అలాగే జ్వరంతో మెడ పట్టేసినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నా మొదటి ఏళ్లలో ఒక పేషెంటు ఇంటివాళ్లకు నేను ఈ మాట గట్టిగా చెప్పలేదు. వాళ్లు జలుబు అనుకుని నాలుగు రోజులు ఆవిరి పట్టించారు. ఇన్ఫెక్షన్‌తో తెచ్చారు. మనిషి బతికారు, కానీ ఆ నెల రోజులు వాళ్లు పడ్డ కష్టం నా పొరపాటు వల్లే. అప్పటి నుంచి డిశ్చార్జి చీటీ మీద నా చేత్తో తెలుగులో రాసి ఇస్తున్నాను.

మీ పిన్నిగారి సంగతి కూడా ఒక వాక్యం రాశారు, ఏడాదిగా ఎడమ కన్ను అదురుతోందని, ఇప్పుడు మూతి కూడా లాగుతోందని. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభం అని ఇంట్లో వాళ్లు ఊరుకున్నారట. కంటి రెప్ప దగ్గర మొదలై నెలల మీద బుగ్గకు, మూతికి పాకి, నిద్రలో కూడా లాగుతుంటే అది శకునం కాదమ్మా. ముఖం కండరాలను కదిలించే ఏడో నరం మీద ఇలాగే నాళం ఆనడం వల్ల వచ్చే హెమీఫేషియల్ స్పాజమ్ అయ్యుండొచ్చు. నొప్పి ఉండదు, ప్రాణానికి ప్రమాదం లేదు. మూడు నాలుగు నెలలకోసారి బొట్యులినమ్ ఇంజక్షన్‌తో అదుపులో పెట్టొచ్చు, లేదంటే ఇదే ఆపరేషన్. అక్కడ వినికిడి నరం ఆనుకునే ఉంటుంది కాబట్టి ఆ జాగ్రత్త ఎక్కువ కావాలి, గుణం కూడా ఒక్కోసారి నెలలు ఆలస్యంగా వస్తుంది. ఆవిడనూ ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి.

గుండు సంగతి. అక్కర్లేదు అని అమ్మగారికి చెప్పండి. చెవి వెనక రెండు మూడు వేళ్ల వెడల్పు మాత్రమే తీస్తాం. మిగతా జుట్టు జడగా పక్కకు కట్టేస్తారు. కుట్లు తీసిన తర్వాత, డాక్టరు సరేనన్నాక తలస్నానం చేయొచ్చు. జడ వేసుకుంటే కోత జాగా కనబడదు. ముందు రోజు రాత్రి మీరే తల దువ్వి, రెండు జడలు వేసి పంపండి. థియేటర్లో మా సిస్టర్లకు అది చాలా సాయం.